సైజు ఉంది, బొమ్మ లేదు: ముహూర్తం క్లిప్ తిరిగొస్తుందా?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. ఈమధ్యే కొంపల్లి వైపు ఒక ఫంక్షన్ హాల్లో మా అమ్మాయి పెళ్ళి చేశాం. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే టైముకి కరెంటు పోయింది. జనరేటర్ వెంటనే అందుకుంది గానీ, స్టాండు మీదున్న పెద్ద కెమెరా ఆగిపోయిందట. వీడియో ఆయన ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఆ క్లిప్ 8.2 జీబీ అని చూపిస్తోంది. ఏ ప్లేయర్లోనూ తెరుచుకోవడం లేదు. మా అబ్బాయి పేరు చివర ఏవీఐ అని మార్చి చూశాడు, కన్వర్టర్లో వేసి చూశాడు, లాభం లేదు. ఆన్‌లైన్లో ఏదో సాఫ్ట్‌వేర్ డబ్బు కడితే బాగుచేస్తానంటోంది. ఇది కాక, మిగతా క్లిప్పులు టీవీలో పెడితే బొమ్మ వస్తోంది, మాట రావడం లేదు. సంగీత్ రోజు మా మరిది కొడుకు ఫోన్లో తీసిన డాన్సులేమో ఎడిటింగ్‌లో వేస్తే పాటొక దారి, అడుగొక దారి. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందు వీడియో ఆయనకు ఫోన్ చేయండి. మిగతాది తర్వాత చదవచ్చు. అడగాల్సింది ఒక్కటే: ఆ రోజు ఆ కెమెరాలో ఉన్న మెమొరీ కార్డు ఇప్పుడెక్కడుంది, దాని మీద మళ్ళీ ఏమైనా తీశారా? ముహూర్తాల సీజన్లో ఒక్కో కార్డు వారానికి రెండు మూడు పెళ్ళిళ్ళు చూస్తుంది. పాతది కాపీ అయిందనుకోగానే ఫార్మాట్ కొట్టేస్తారు. ఇంకా కొట్టకపోతే ఆ కార్డును అలాగే పక్కన పెట్టమనండి. ఎస్‌డీ కార్డైతే పక్కనున్న చిన్న లాక్ బొడిపెను కిందికి జరపమనండి. పెన్‌డ్రైవ్‌లో మీ దగ్గరున్నది కాపీయే, అసలు సరుకు ఆ కార్డులో ఉంది. దాన్ని కంప్యూటర్‌కి పెట్టినప్పుడు విండోస్ 'స్కాన్ అండ్ ఫిక్స్' అని అడిగితే వద్దనాలి. అది ఫైలు పట్టికను తనకు తోచినట్టు సరిచేసి, సగంలో ఆగిన ఫైళ్ళను కత్తిరించేస్తుంది.

ఇక జరిగిందేమిటో చెబుతాను. అది తెలిస్తే మీ అబ్బాయి చేసినవి ఎందుకు పనిచేయలేదో కూడా తెలుస్తుంది.

గంటల తరబడి తీయాల్సి ఉంటుంది కాబట్టి స్టాండు కెమెరాకు మామూలు బ్యాటరీ బదులు వైరుతో ఉన్న డమ్మీ బ్యాటరీ పెట్టి ప్లగ్గుకు తగిలిస్తారు. కరెంటు పోయి జనరేటర్ ఎత్తుకునే ఆ కొన్ని సెకన్లలో కెమెరా ఒక్కసారిగా ఆరిపోతుంది. ఎంపీ4 ఫైలుకు ప్రధానంగా రెండు భాగాలు. ఒకటి 'ఎండాట్' అనే పెట్టె, బొమ్మా శబ్దమూ అంతా అందులోనే. రెండోది 'మూవ్' అనే పెట్టె. ఏ ఫ్రేము ఎన్నో బైటు దగ్గర మొదలవుతుంది, ఎంత పొడుగు, ఏ క్షణంలో చూపించాలి, బొమ్మ వెడల్పు ఎంత, ఏ కోడెక్ (అంటే బొమ్మను కుదించిన పద్ధతి) అన్న లెక్కలన్నీ ఇందులో ఉంటాయి. ఈ లెక్కను చాలా కెమెరాలు స్టాప్ నొక్కాకే రాస్తాయి. మీ కెమెరాకు స్టాప్ నొక్కే యోగం దక్కలేదు. రైలు నిండా ప్రయాణికులు కూర్చునే ఉన్నారు, టీటీ చేతిలో చార్టు లేదు. అందుకే సైజు 8.2 జీబీ చూపిస్తుంది, ప్లేయర్ మాత్రం చేతులెత్తేస్తుంది.

కన్వర్టర్‌కూ ఆ చార్టే కావాలి కాబట్టి అదీ ఆగిపోయింది. పేరు చివర ఏవీఐ అని మార్చి వీఎల్‌సీ ప్లేయర్లో పెడితే అదే బాగుచేసుకుంటుందన్న చిట్కా ఏళ్ళ తరబడి చేతులు మారుతోంది. వీఎల్‌సీలో ఆ మరమ్మతు ఉన్న మాట నిజమే, కానీ అది అసలైన ఏవీఐ ఫైళ్ళ ఇండెక్స్ కోసం. ఎంపీ4కి ఏవీఐ అని బోర్డు కడితే లోపలి సరుకు మారదు. పాడు కూడా కాదు లెండి, పాత పేరు మళ్ళీ పెట్టేస్తే సరి.

8.2 జీబీ అంటే సుమారు 880 కోట్ల బైట్లు. 4కేలో చాలా కెమెరాలు వాడే 100 ఎంబీపీఎస్ సెట్టింగులో సెకనుకు కోటీ పాతిక లక్షల బైట్లు పడతాయి. అంటే మీ ఫైల్లో ఉన్నది దాదాపు పదకొండున్నర నిమిషాలు. 50 ఎంబీపీఎస్ అయితే దానికి రెట్టింపు. గౌరీపూజ అయ్యాక ఆయన ఎప్పుడు రికార్డు నొక్కారో గుర్తు తెచ్చుకుని కరెంటు పోయినప్పటిదాకా లెక్కేయండి. రెండూ దగ్గరగా ఉంటే చాలా మంచి సూచన.

అది నిజంగా సరుకేనా, ఉత్త సున్నాలా అన్నది చూడటానికి రెండు నిమిషాలు చాలు. 'హెచ్ఎక్స్‌డీ' అనే ఉచిత హెక్స్ ఎడిటర్ (ఫైల్లోని బైట్లను ఉన్నవున్నట్టు చూపించే ప్రోగ్రాం) వేసుకుని ఫైలును అందులో తెరవండి. ఎంత పెద్ద ఫైలైనా చటుక్కున తెరుచుకుంటుంది. కుడివైపు అక్షరాలు కనిపించే భాగంలో మొదటి వరుసలోనే ఎఫ్, టి, వై, పి అన్న నాలుగక్షరాలు ఉండాలి. కాస్త కిందికి పోతే ఎం, డి, ఎ, టి. అక్కణ్ణుంచి అర్థంపర్థం లేని గజిబిజి మొదలవుతుంది, అదే మీ పెళ్ళి. స్క్రోల్ పట్టీని పావు వంతు దగ్గర, సగం దగ్గర, ముప్పావు దగ్గర ఆపి చూడండి. ప్రతిచోటా గజిబిజి ఉంటే సరుకు ఉన్నట్టే. పేజీలకు పేజీలు రెండేసి సున్నాల వరుసలే వస్తుంటే అక్కడ ఏమీ రాయలేదన్నమాట. ఆ భాగాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు. ఇక చివరికి వెళ్ళి, వెతికే పెట్టెలో ఎం, ఓ, ఓ, వి అని కొట్టి కింది నుంచి పైకి వెతకండి. దొరక్కపోతే మనం అనుకున్న జబ్బే. చూడటం వరకే, ఎక్కడా ఏదీ టైప్ చేసి సేవ్ చేయొద్దు.

వైద్యం మొదలుపెట్టే ముందు కార్డు మొత్తాన్ని ఒక ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా, తీసి ఉంచుకోవాలి. 'విన్32 డిస్క్ ఇమేజర్'లో 'రీడ్' అనే బటన్ ఉంటుంది. దాని పక్కనే 'రైట్' ఉంటుంది, పొరపాటున అది నొక్కితే కార్డు తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి లాక్ బొడిపె వేసే ఉంచండి. 128 జీబీ కార్డుకు అంతే ఖాళీ హార్డ్‌డిస్క్‌లో కావాలి, ఆ డిస్క్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ అయి ఉండాలి. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటదు. మంచి రీడర్‌తో అరగంట, పాత యూఎస్‌బీ 2 రీడర్‌తో గంటన్నర దాకా పడుతుంది. తొందరేం లేదు.

ఇక మొదటి మందు కెమెరాయే. అదే కెమెరా, అదే కార్డు. లాక్ తీసి, నిండా ఛార్జ్ ఉన్న మామూలు బ్యాటరీ వేసి ఆన్ చేయాలి. ఈసారి డమ్మీ వద్దు. చాలా కెమెరాలకు ఆగిపోయిన క్లిప్పును తామే ముగించుకునే తెలివి ఉంటుంది. సోనీ అయితే అలాంటి ఫైలు తరచూ ఎంపీ4 బదులు ఆర్‌ఎస్‌వీ అన్న ముగింపుతో ఉంటుంది. కార్డు పెట్టగానే రికవర్ చేయమంటావా అని అడుగుతుంది, అడగకపోతే మెనూలో 'రికవర్ ఇమేజ్ డీబీ' ఉంటుంది. కెనాన్‌లో డీఏటీ అన్న ముగింపుతో మిగిలిపోవడం మామూలు, అక్కడా కార్డు తిరిగి కెమెరాలో పెట్టడమే మొదటి పని. గోప్రో, డ్రోన్ కెమెరాలు కూడా చాలావరకు ఇలాగే తమ ఫైళ్ళను సరిచేసుకుంటాయి. షరతు ఒకటి: కార్డులో ఫోల్డర్లు, పేర్లు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. పెన్‌డ్రైవ్‌లోంచి ఒక్క ఫైలును తెచ్చి వేరే కార్డులో పెడితే కెమెరా గుర్తుపట్టదు. తెర మీద 'ఫార్మాట్' అనో 'ఇనిషియలైజ్' అనో వస్తే మాత్రం వద్దని నొక్కి కార్డు బయటికి తీసేయండి.

కెమెరా వల్ల కాకపోతే రెండో మందు 'అన్‌ట్రంక్'. ఉచితం, విండోస్‌లో బటన్లతో ఉన్న రూపం కూడా దొరుకుతుంది. ఇది చేసే పని భలేగా ఉంటుంది. అదే కెమెరాతో తీసిన ఆరోగ్యంగా ఉన్న ఇంకో క్లిప్పును చూపించి, దీనిలాగే ఉండాలి అంటే, పాడైన ఫైలు మొత్తం చదివి, ఎక్కడ బొమ్మ మొదలవుతోంది, ఎక్కడ శబ్దం అని గుర్తుపట్టి చార్టు మళ్ళీ రాస్తుంది. అందువల్ల ఆ ఆరోగ్యవంతమైన క్లిప్పు ఎంపికలోనే సగం ఫలితం ఉంది. అదే కెమెరా అయి ఉండాలి, అదే మోడల్ అయితే చాలదు, సెట్టింగులు తేడా ఉండొచ్చు. అదే రిజల్యూషన్, అదే ఫ్రేమ్ రేటు, అదే కోడెక్, శబ్దం సెట్టింగు కూడా అదే. అన్నిటికన్నా మేలైనది అదే రోజు కరెంటు వచ్చాక మళ్ళీ నొక్కిన క్లిప్పు, తలంబ్రాలదో తాళి కట్టిందో. రెండు మూడు నిమిషాల నిడివి, కాస్త కదలిక, మేళం మోత ఉంటే మరీ మంచిది.

రెండు ఫైళ్ళనూ కంప్యూటర్లో ఒకే ఫోల్డర్లోకి కాపీ చేసుకోండి. ఆ డ్రైవ్‌లో కనీసం ఇంకో 10 జీబీ ఖాళీ ఉండాలి. మంచి ఫైలు రిఫరెన్స్ గడిలో, పాడైనది రెండో గడిలో వేసి 'రిపేర్' నొక్కండి. అయ్యాక అదే ఫోల్డర్లో పేరుకు 'ఫిక్స్‌డ్' అని తగిలించిన కొత్త ఫైలు వస్తుంది. నాలుగు నిమిషాలకే ఆగిపోయిందనుకోండి, మధ్యలో దానికి అర్థం కాని ముక్క ఏదో తగిలిందన్నమాట. సెట్టింగుల్లో తెలియని ముక్కలను దాటుకుంటూ పొమ్మనే ఆప్షన్ ఉంటుంది, అది టిక్ చేసి మళ్ళీ నడపండి. ఇంకో రిఫరెన్స్ క్లిప్పు మార్చి చూడటం కూడా తరచూ పనిచేస్తుంది.

బొమ్మ వచ్చి శబ్దం గరగరమంటే ఆశ్చర్యపోకండి. చాలా పెళ్ళి కెమెరాలు శబ్దాన్ని ఏ కుదింపూ లేని ఎల్‌పీసీఎంగా రాస్తాయి. బొమ్మ ముక్కలకు ఒక ఆకారం, ఒక తల ఉంటాయి, ఎల్‌పీసీఎంకు అవేమీ ఉండవు, వట్టి అంకెల వరుస. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఊహించాల్సిందే, ఊహ తప్పితే బొమ్మ ముక్క శబ్దంగా వినిపించి గరగర వస్తుంది. అలాంటప్పుడు మంత్రాల శబ్దాన్ని వేరే కెమెరా నుంచో ఫోన్ నుంచో తీసి ఈ బొమ్మకు జత చేయడం వీడియో ఆయనకు పెద్ద పనేం కాదు.

డబ్బు కట్టమన్న సాఫ్ట్‌వేర్ సంగతి. వాటిలో చాలావరకు చేసేది ఇదే పని, మంచి క్లిప్పు ఒకటి ఇమ్మని అవీ అడుగుతాయి. కొన్ని నిజంగా అన్‌ట్రంక్‌కు లొంగని వాటిని కూడా లొంగదీస్తాయి. కాబట్టి నా మాట: ఉచిత ప్రివ్యూలో మీ అల్లుడు జీలకర్ర బెల్లం పెడుతూ కదిలి కనిపిస్తేనే డబ్బు కట్టండి. ఒక్క నిలిచిపోయిన బొమ్మ చూసో, 'రిపేర్ సక్సెస్' అన్న పచ్చ టిక్కు చూసో కట్టొద్దు. ఇంటి ఆడపిల్లల బొమ్మలున్న 8 జీబీ ఫైలును ఊరూ పేరూ తెలియని వెబ్‌సైట్‌కు ఎక్కించడం నాకు అసలే నచ్చదు.

కార్డు ఇప్పటికే ఫార్మాట్ అయిపోయిందని తేలితే దారి వేరు. మీ పెన్‌డ్రైవ్ కాపీ అప్పటికే తీసింది కాబట్టి సున్నాలు లేకుండా ఉంటే పైన చెప్పిన అన్‌ట్రంక్ దాని మీదే నడుస్తుంది, కార్డు లేకపోయినా ఫరవాలేదు. కాపీ కూడా సగమే వచ్చిందంటేనే రికవరీ వాళ్ళ దగ్గరికి పోవాల్సింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో అడిగితే అలాంటి పని చేసేవాళ్ళ దారి దొరుకుతుంది. కార్డు చేతిలో పెట్టేముందు మూడు అడగండి: అసలు కార్డు మీద కాకుండా ఇమేజ్ మీద పనిచేస్తారా, ఫైలు ఆడకపోతే డబ్బు తీసుకుంటారా, ఎంతవుతుందో రాసిస్తారా. ఫైలు పేర్ల జాబితా చూపించి దొరికింది అనేవాళ్ళుంటారు. పేరు దొరకడం వేరు, వీడియో ఆడటం వేరు. పెద్ద వీడియోలు కార్డులో ముక్కలు ముక్కలుగా పడి ఉంటాయి, ఫార్మాట్ అయ్యాక ఆ ముక్కలను వరుసలో పేర్చడమే అసలు పని.

టీవీలో మాట రాకపోవడం తేలిక. 'మీడియాఇన్ఫో' అనే ఉచిత ప్రోగ్రాంలో ఒక క్లిప్ వేసి ఆడియో దగ్గర చూడండి. పీసీఎం అని ఉంటే ఇందాకటి ఎల్‌పీసీఎమ్మే ఇక్కడా కారణం, ఎంపీ4లో ఆ శబ్దాన్ని చాలా టీవీలు, ఫోన్లు ఆడించవు. బొమ్మను ముట్టుకోకుండా శబ్దాన్ని మాత్రం ఏఏసీ అనే కుదించిన రకంగా మార్చాలి. మీ అబ్బాయికి కమాండ్ ప్రాంప్ట్ అలవాటుంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఒక్క వరుస చాలు, అక్షరాలు ఇంగ్లీషులో కొట్టాలి: ఎఫ్ఎఫ్ఎంపెగ్, హైఫన్ ఐ, ఫైలు పేరు, హైఫన్ సి కోలన్ వి, కాపీ, హైఫన్ సి కోలన్ ఏ, ఏఏసీ, హైఫన్ బి కోలన్ ఏ, 256కే, కొత్త పేరు. కామా పెట్టినచోటల్లా ఒక ఖాళీ, కోలన్ చుట్టూ ఖాళీ ఉండకూడదు. బొమ్మను కాపీ చేయడమే కాబట్టి క్వాలిటీ రవ్వంత తగ్గదు, గంట వీడియో కూడా నిమిషాల్లో అయిపోతుంది.

ఏదైనా క్లిప్పుకు బొమ్మే రాకపోతే మీడియాఇన్ఫోలో వీడియో దగ్గర '4:2:2' అనీ '10 బిట్స్' అనీ ఉందేమో చూడండి. అది ఎడిటింగ్ కోసం తీసే రకం, టీవీల చిప్పులు సాధారణంగా దాన్ని చదవవు. లాప్‌టాప్‌లో కూడా ఆగి ఆగి ఆడుతుంది, ఫైలు పాడైందని భయపడక్కర్లేదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత కన్వర్టర్లో హెచ్.264, 8 బిట్, క్వాలిటీ ఆర్‌ఎఫ్ 18, ఫ్రేమ్ రేటు 'సేమ్ యాజ్ సోర్స్' పెట్టి మార్చుకోండి. దీనికి మాత్రం గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకోండి.

సంగీత్ వీడియోల విషయంలో ముందు ఒకటి గమనించండి. తేడా పాట మొదట్లోనూ చివర్లోనూ ఒకేలా ఉందా, పోనుపోనూ పెరుగుతోందా? ఒకేలా ఉంటే ఎడిటింగ్‌లో శబ్దాన్ని ఆ కాస్త జరిపితే చాలు. ఎంతో తెలుసుకోవడానికి వీఎల్‌సీలో జె, కె బటన్లు నొక్కుతూ చూడండి, ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు జరుగుతుంది. పెరుగుతోందంటే, మీరు రాసిన దాన్నిబట్టి అదే అనిపిస్తోంది, ఫోను ఫ్రేములను సమంగా తీయలేదన్నమాట. వెలుతురు తగ్గినప్పుడు, ఫోను వేడెక్కినప్పుడు సెకనుకు ముప్పై బదులు ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో తీసి సర్దుకుంటుంది. ప్లేయర్ దాన్ని అర్థం చేసుకుంటుంది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని ముప్పై అనే లెక్కేస్తాయి. మీడియాఇన్ఫోలో ఫ్రేమ్ రేట్ మోడ్ 'వేరియబుల్' అని ఉంటే ఖాయం. హ్యాండ్‌బ్రేక్‌లో ఫ్రేమ్ రేటు 30 పెట్టి, కింద 'కాన్‌స్టంట్' ఎంచుకుని మార్చండి, ఆ కొత్త ఫైలును ఎడిటింగ్‌లో వేయండి. వాట్సాప్‌లో వచ్చిన కాపీతో ఈ పని చేయొద్దు. మరిది కొడుకును ఫోన్లోంచి కేబుల్‌తో ఇమ్మనండి, కుదరకపోతే వాట్సాప్‌లోనే 'డాక్యుమెంట్'గా పంపమనండి, అప్పుడది కుదించదు.

వీడియో ఆయనకు ఇంకో మాట. రెండు కార్డుల్లో ఒకేసారి రికార్డవుతుంది కదా అని ధీమా పడేవాళ్ళున్నారు. కార్డు పాడైతే అది కాపాడుతుంది, కరెంటు పోతే రెండింట్లోనూ చార్టు లేని ఫైలే మిగులుతుంది. అడాప్టర్‌కు చిన్న యూపీఎస్ తగిలించుకోవడమే దానికి మందు.

ఇవన్నీ నడుస్తుండగానే ఫంక్షన్ హాల్లో ఎల్ఈడీ తెర పెట్టినవాళ్ళను కూడా అడగండి. ఆ తెరకు బొమ్మ, కెమెరాలన్నీ కలిసే వీడియో మిక్సర్ నుంచి వెళ్తుంది, చాలామంది దాన్ని విడిగా రికార్డు చేసి ఉంచుతారు. బంధువుల కోసం యూట్యూబ్ లైవ్ పెట్టించి ఉంటే ఇంకా సులువు. 12 గంటల లోపు లైవ్‌లను యూట్యూబ్ మామూలుగా తనంతట తానే భద్రపరుస్తుంది. కరెంటు పోయిన ఆ కాసేపు అక్కడా ఖాళీ ఉండొచ్చు గానీ, బ్యాటరీ మీద నడుస్తూ చేత్తో తిప్పిన ఇంకో కెమెరా ఉంటే దాని క్లిప్పులో అదీ దొరుకుతుంది. లైవ్ పెట్టినవాళ్ళు నెల తిరగ్గానే చానల్ సర్దేస్తూ పాతవి తీసేస్తుంటారు, లింకు ఇవాళే తెరిచి చూసుకోండి.